ట్యూబు కొనే ముందు టైరు చదవండి



స్త్రీల కార్యక్రమంలో సైకిలు ట్యూబు గురించి ప్రసంగమేమిటని మీలో కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. ఆవకాయ గురించో, పసిపిల్లల దగ్గు గురించో చెబితే పనికొస్తుంది గదా అనుకోవచ్చు. అవి చెప్పేవారికి మనకు కొదవలేదు. సైకిలు సంగతి మాత్రం మనకెవరూ చెప్పరు. ఇంట్లో సైకిలు పంచరైతే మగవాళ్లు వచ్చేదాకా దాన్ని గోడకు ఆనించి పెడతాము. వాళ్లు సాయంత్రం వచ్చి "రేపు చూద్దాంలే" అంటారు. ఆ రేపు రెండు రోజులకో మూడు రోజులకో వస్తుంది. ఈలోగా ఆ సైకిలెక్కి బడికి పోవలసిన పిల్ల ఇంట్లోనే వుండిపోతుంది.

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెలు మీరెరగనివి కావు. చిన్న బడి వూళ్లోనే వుంటుంది. హైస్కూలుకు పక్క వూరికి పోవాలి. బస్సు బడివేళకు రాదు. ఆటోకు రోజూ డబ్బులు పెట్టాలి. మగపిల్లవాడైతే ఎవరి బండి వెనకనో కూర్చుని పోతాడు. ఆడపిల్లను అట్లా పంపడానికి తల్లికి మనసొప్పదు. అందుకని ఆడపిల్ల చదువుకు సైకిలు ఇంత ముఖ్యమైపోయింది. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ల కోసం డబ్బులిచ్చింది. తర్వాత కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కలు తీసి చూశారు. హైస్కూలులో చేరే ఆడపిల్లలు దాదాపు మూడో వంతు పెరిగారట. ఆ పెరిగినదంతా ముఖ్యంగా బడి మూడు కిలోమీటర్లకు పైన వున్న వూళ్లలోనేనట. మన రాష్ట్రంలోనూ 2019కి ముందు కొన్నేళ్లు "బడికొస్తా" అనే పేరుతో సర్కారు బడుల్లోని ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు.

సైకిలివ్వడం ఒకనాటి పని. అది నడుస్తూ వుండేట్టు చూసుకోవడం ఇంటివాళ్ల పని. సైకిలు మూలకు పడడానికి కారణాలన్నీ చూస్తే మొదటిది గాలి. ఆ గాలి పదేపదే పోవడానికి చాలాసార్లు కారణం ముల్లు కాదు, సైజు తప్పిన ట్యూబు. అందుకే ఈ రోజు ఆ ఒక్క సంగతే చెప్పదలిచాను.

మా వీధిలో నాలుగిళ్లలో పని చేసుకునే ఒకావిడ వుంది. ఆమె కూతురు తొమ్మిదో తరగతి. పిల్లకు ఎవరో వాడిన లావు టైర్ల సైకిలొకటి కొనిచ్చారు. ఒకసారి వెనక ట్యూబు బాగా చెడిపోయిందని కొత్తది వేయించారు. ఇక చూడండి, ఇరవై రోజుల్లో మూడుసార్లు గాలి పోయింది. తీసుకుపోయిన ప్రతిసారీ "కంప ముల్లు దిగిందమ్మా" అన్నారు, ప్యాచి వేశారు, డబ్బులు తీసుకున్నారు. మూడోసారికి ఆ పిల్ల తండ్రికి విసుగు పుట్టింది. "ఈ సైకిలు దండగ. అమ్మేస్తా. చదివింది చాల్లే" అన్నాడు. సైకిలు మీద కోపం చదువు మీదికి పోయింది.

అప్పుడు ట్యూబు బయటికి తీయించి చూశాము. మూడు ప్యాచీలూ ఒకే చోట, ఒకే మడత మీద వున్నాయి. ముల్లు వెతుక్కుంటూ వచ్చి మూడుసార్లూ అక్కడే గుచ్చుకుంటుందా? టైరును తడిగుడ్డతో తుడిస్తే 26 × 1.95 అని కనబడింది. ట్యూబు మీద 26 × 1⅜ అని వుంది. రెండింటి మీదా 26 వుంది గనుక సరిపోతుందని వేసేశారు. సరయిన ట్యూబు కొని వేయించాక నాలుగు నెలల పాటు ఆ పిల్ల గాలి కొట్టుకోవడమే తప్ప పంచరు షాపు మొహం చూడలేదు.

ఇంతకీ ఆ 26కూ ఈ 26కూ తేడా ఏమిటి? ఇది తెలిస్తే మిగతాదంతా తేలికే.

మనం 26 అంగుళాలు అంటున్నది ఇనుప రిమ్ము కొలత అనుకుంటాము. అది టైరు తొడిగిన తర్వాత చక్రం మొత్తం ఎత్తు, అదీ సుమారుగా. మనిషి ఎత్తు కొలిచేటప్పుడు తలపాగా, చెప్పులు కూడా కలిపి కొలిస్తే ఎట్లా వుంటుందో ఇదీ అంతే. పెద్ద తలపాగా పెట్టిన పొట్టివాడూ, చిన్న తలపాగా పెట్టిన పొడుగువాడూ ఒకే ఎత్తు తేలతారు. లావు టైరు సైకిలుకు టైరు రెండువైపులా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి లోపలి రిమ్ము చిన్నదిగా వుంటుంది. సన్నటైరు సైకిలుకు రిమ్ము పెద్దదిగా వుంటుంది. బయటికి రెండూ 26 అంగుళాలే. లెక్క కావాలంటే వినండి. 26 × 1.95 టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు. 26 × 1⅜ టైరుది 590 మిల్లీమీటర్లు. వ్యాసంలో తేడా 31 మిల్లీమీటర్లే గదా అంటారేమో! చుట్టుకొలతకు వచ్చేసరికి అది 97 మిల్లీమీటర్లు, దగ్గర దగ్గర నాలుగు అంగుళాలు.

రవికకు నాలుగు అంగుళాల గుడ్డ ఎక్కువైతే టైలరు ఎక్కడో లోపలికి మడిచి కుట్టేస్తాడు. ట్యూబుకు ఆ దారి లేదు. మిగిలిన పొడుగు టైరు లోపల ఎక్కడో ఒకచోట మడత పడి కూర్చుంటుంది. మనిషి ఎక్కి తొక్కినప్పుడల్లా ఆ మడత రాసుకుంటుంది, నలుగుతుంది, చివరికి చీరుకుంటుంది. మా పిల్ల సైకిలులో జరిగింది ఇదే. అంతటితో ఆగలేదు, ఇంకో చేటు కూడా వుంది. ఆ ట్యూబు సన్నటైరుకు చేసినది. లావు టైరు నిండాలంటే అది అడ్డంగా బాగా వుబ్బాలి. చిన్న పూర్ణం వుండకు సరిపోయే పిండితో పెద్ద భక్ష్యం తడితే పూర్ణం బయటికి కనబడుతుంది చూడండి, అట్లా రబ్బరు దాదాపు మూడో వంతు పలచబడిపోతుంది. పలచని రబ్బరుకు చిన్న ముల్లయినా చాలు. గాలి కూడా త్వరగా దిగిపోతుంది. పొడుగులో ఎక్కువ, వెడల్పులో తక్కువ. అదృష్టం కొద్దీ ఇరవై రోజులైనా నడిచింది.

కాబట్టి నేను చెప్పేదేమిటంటే, టైరు మీద గుణకారం గుర్తుకు అటూ ఇటూ వున్న రెండు అంకెలూ చూడాలి. రెండో అంకె ఎట్లా రాసివుందో కూడా చూడాలి. ఒకటీ మూడు బై ఎనిమిది, ఒకటిన్నర అని భిన్నంలో వుంటే అది ఒక కులం. 1.75 అనీ, 1.95 అనీ, 2.10 అనీ చుక్క పెట్టి రాసివుంటే అది ఇంకో కులం. 26 × 1½ కూ, 26 × 1.5 కూ లెక్కల మాస్టారి దృష్టిలో తేడా లేదు. సైకిలు దగ్గర మాత్రం వేరు వేరు. ఒకటి 584, ఇంకొకటి 559. ఈ ఒక్కచోట లెక్కల మాస్టారి మాట వినకండి. చిన్నపిల్లల 20 అంగుళాల సైకిళ్లలో తేడా మరీ ఎక్కువ. 20 × 1.75 రిమ్ము 406, 20 × 1⅜ రిమ్ము 451 మిల్లీమీటర్లు.

ఇంత గొడవ లేకుండా వుండడానికి ఇప్పటి టైర్ల మీద చాలావాటికి పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో నంబరు వుంటుంది. 37-590 అనో, 50-559 అనో, 40-635 అనో అచ్చు పోసి వుంటుంది. మొదటిది టైరు లావు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఇది అంతర్జాతీయ ప్రమాణం. జమ్మలమడుగులోనైనా జపానులోనైనా 590 అంటే 590యే. ఈ నంబరు కనబడితే అంగుళాల మాట మరిచిపోయి దీన్నే నమ్మండి.

మన ఇళ్లలో తాతల నాటి నల్ల సైకిళ్లు ఇంకా వున్నాయి. పాలవాళ్లూ, పేపరు వేసేవాళ్లూ, చేను గట్టుకు పోయేవాళ్లూ వాటిని వదలరు. వాటి దగ్గర ఒక తిరకాసు వుంది. ఆ సైకిలును "ఇరవైరెండు సైకిలు", "ఇరవైనాలుగు సైకిలు" అంటారు. అది విని షాపుకు పోయి ఇరవైరెండు ట్యూబు అడిగేవాళ్లున్నారు. ఇరవైరెండూ, ఇరవైనాలుగూ ఫ్రేము ఎత్తు. అంటే సీటు కింద నిలువు గొట్టం పొడుగు. చక్రాలు మాత్రం 28 × 1½. ఫ్రేము ఎంతైనా ట్యూబు అదే. ఈ మధ్య పిల్లలు కొంటున్న సన్నటైర్ల కొత్త సైకిళ్ల మీద 700 అని వుంటుంది, కొన్నిటి మీద దాని పక్కనే 28 అని కూడా వుంటుంది. అది చూసి తాత సైకిలు టైరు దానికి తొడగబోకండి. పాతది 635, ఇది 622. ఎక్కినా నిలవదు.

టైరు విషయంలో రాజీ లేదు. రిమ్ము ఎంతో టైరు అంతే వుండాలి. ట్యూబు విషయంలో మాత్రం కొంచెం రాజీ వుంది, రబ్బరు గనుక. అయితే ఆ రాజీ ఒకవైపే. కాస్త చిన్న చక్రానికి చేసిన ట్యూబును, లావు సరిపోతే, కాస్త పెద్ద చక్రానికి సాగదీసి వేయవచ్చు. 27.5 అంగుళాల ట్యూబు 29 అంగుళాల చక్రానికి వేసి నడిపేవాళ్లున్నారు. దారి మధ్యలో ఆగిపోయినప్పుడు అదొక ఆదెరువు. పెద్ద చక్రం ట్యూబును చిన్న చక్రంలో కుక్కడం మాత్రం ఎప్పుడూ పనికిరాదు. రబ్బరు సాగుతుందే గాని కుంచించుకోదు.

లావు సంగతికొస్తే, ట్యూబు పెట్టె మీద రెండు అంకెలు గీత పెట్టి రాసివుంటాయి. 26 × 1.75/2.125 అంటే ఒకటీ ముప్పావు నుంచి రెండూ చిల్లర దాకా లావున్న టైర్లకు పనికొస్తుందని. మన టైరు అంకె ఆ రెండింటి మధ్య పడితే చాలు. రెండు పెట్టెలకూ సరిపోయేట్టు అంచు మీద వుంటే నేనైతే చిన్నదే తీసుకుంటాను, మడత పడే భయం వుండదు. పెట్టె మీద ఐ.ఎస్.ఐ. గుర్తు వున్నదా అని కూడా చూడండి. మామూలు రబ్బరు ట్యూబు, బ్యూటైల్ ట్యూబు అని రెండు రకాలున్నాయి. బ్యూటైల్‌లో గాలి వారాల తరబడి నిలుస్తుంది. మామూలు రబ్బరులో కొద్ది రోజులకే మెత్తబడుతుంది. ఇంట్లో పంపు లేనివాళ్లకు బ్యూటైలే మేలు. దానికి ప్యాచి వేయాలంటే గరుకు కాగితంతో బాగా రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఓపిక పట్టాలి. తడి మీద అంటిస్తే నిలవదు.

ఇక షాపులో మాట. మన ఆడవాళ్లు పోతే సంభాషణ ఇట్లా నడుస్తుంది.

"అన్నా, సైకిలు ట్యూబొకటి కావాల."

"ఏ సైకిలుకమ్మా?"

"ఆడపిల్లలు తొక్కే సైకిలన్నా."

"అయితే ఇరవయ్యారే. ఇది తీసుకపో, సరిపోతాది."

ఇక్కడ షాపాయన తప్పు పట్టడానికి లేదు. మనం చెప్పింది చాలక ఆయన వూహించుకున్నాడు. అదే మీరు "26 × 1.95 టైరుకు, లావు వాల్వుది" అని చెప్పి చూడండి. ఆయన నిచ్చెనెక్కి పై అరలోంచి సరైన పెట్టె తీస్తాడు. చదువు రాని ఆవిడ అయితే టైరు మీది రాతను ఫోనులో ఫోటో తీయించి చూపిస్తే సరి. రాత అరిగిపోయి వుంటే రెండో చక్రం టైరు చూడండి, మామూలుగా రెండూ ఒకటే. అదీ అరిగిపోతే పాత ట్యూబును నమ్మి పోకండి, ఎందుకంటే ఆ పాతదే తప్పుది కావచ్చు. చక్రం విప్పించి చక్రమే తీసుకుపోండి. నంబరు ఒకసారి తెలిశాక గ్యాసు పుస్తకం వెనక అట్ట మీద రాసిపెట్టుకోండి. మా ఇంట్లో అక్కడే వుంటుంది, కరెంటు మీటరు నంబరు కింద.

షాపులో మగవాళ్ల మధ్య నిలబడి వాల్వుల గురించి అడగడానికి సిగ్గనిపిస్తే తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాను తలుచుకోండి. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు సైకిలు నేర్చుకోవడాన్ని కూడా ఆ ఉద్యమంలో కలిపారు. కూలి పనుల వాళ్లూ, రాతి క్వారీల్లో పని చేసేవాళ్లూ, అంగన్‌వాడీ అమ్మలూ వేల మంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే చీర దోపుకుని మగవాళ్ల సైకిళ్లే ఎక్కారు. ఒక ట్యూబు అడగడానికి మనకేమి అడ్డం?

లావు వాల్వు అన్నాను గదా. వాల్వులు మూడు రకాలు. మన నల్ల సైకిలుకు వుండేది పాత ఇంగ్లీషు పద్ధతి వాల్వు. లోపల సన్న రబ్బరు గొట్టం, అదే వాల్ ట్యూబు, తొడిగి వుంటుంది. రెండోది మోటారు సైకిలుకు వుండేలాంటి లావు వాల్వు, లోపల పిన్ను వుంటుంది. ఈ రెండూ మామూలు రిమ్ము రంధ్రంలో పడతాయి. మూడోది పెన్సిలు కంటే సన్నంగా వుండే వాల్వు, ఖరీదైన సైకిళ్లకు వస్తుంది, దాని రంధ్రమూ సన్నదే. సన్న వాల్వును పెద్ద రంధ్రంలో పెడితే అటూ ఇటూ కదిలి మొదట్లో కోసుకుపోతుంది. పెద్దది పట్టించడానికి సన్న రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేస్తామంటే ఒప్పుకోకండి. రిమ్ము పాడవుతుంది.

వాల్ ట్యూబు గురించి ఒక మాట. మన ఎండలకు ఆ చిన్న రబ్బరు త్వరగా బంకబడుతుంది, లేదా ఎండి పగులుతుంది. గాలి దిగిపోతుంది. పంచరనుకుని చక్రమంతా విప్పిస్తాము. విప్పించే ముందు గాలి కొట్టి వాల్వు నోటి మీద కాస్త తడి పెట్టండి. బుడగ లేస్తే ట్యూబుది తప్పు కాదు. కొద్దిపాటి ఖర్చుతో కొత్త వాల్ ట్యూబు వేసుకుంటే సరిపోతుంది. పిన్ను వాల్వువాళ్లకు ఇంకొక జాగ్రత్త. పెట్రోలు బంకు గాలి గొట్టం ఆ వాల్వుకు సరిగ్గా పడుతుంది కాబట్టి పిల్లలు అక్కడికి పోతారు. లారీకి పెట్టే గాలి అది. రెండు క్షణాల్లో సైకిలు ట్యూబు పేలుతుంది. చేతిపంపే మేలు.

చిల్లి ఎక్కడ పడిందో చూస్తే కారణం తెలుస్తుంది. షాపాయన పాత ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచేటప్పుడు మీరు పక్కన నిలబడి చూడండి. చిల్లి టైరు వైపు, అంటే బయటి వైపు వుంటే ముల్లో మేకో. రిమ్ము వైపు, లోపలి వైపు వుంటే పుల్లల కొనలు గుచ్చుకుంటున్నాయి, రిమ్ము టేపు జరిగిపోయి వుంటుంది. పాము కాటు లాగా పక్కపక్కన రెండు చీలికలుంటే గాలి తక్కువగా వున్నప్పుడు రాయి మీదనో గుంటలోనో ఎత్తేశారని. వాల్వు మొదట్లో చిరిగితే గాలి చాలక ట్యూబు లోపల జరిగిపోతూ వుంది, లేదా వాల్వు రంధ్రానికి సరిపడలేదు. మడత గీత మీద పడిందా, అది సైజు తప్పు. అప్పుడు ప్యాచి వేయించుకోవడం దండగ, ట్యూబే మార్చాలి. "ముల్లే" అని చెప్పినప్పుడు "ముల్లేదన్నా, చూపించు" అని అడగండి.

అయినా మనవైపు ముళ్లకు తక్కువేమీ లేదు. కంపచెట్టు మనదేశపుది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1870లలో మద్రాసు అటవీశాఖవారు దాన్ని వంటచెరకు కోసం మన కడప జిల్లా కమలాపురంలో నాటించారు. దేశంలో మొట్టమొదట నాటిన చోట్లలో అదొకటి. ఇప్పుడు పెన్నా గట్ల మీద, చెరువు గర్భాల్లో, బాటల పక్కన అదే. దాని ముల్లు కారు టైరులోకే దిగుతుంది, సైకిలు టైరు ఎంత? పులివెందుల వైపు చీనీతోటల కంచెలకు కూడా ఆ కంపే నరికి వేస్తారు. ఆ దోవన పోయేవాళ్లు కంచె ఆనుకుని తొక్కకండి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపైతే బండల గనులు. నాపరాళ్ల చెక్కలు కత్తి లాగా వుండి టైరు పక్కగోడలను కోస్తాయి. ప్రొద్దుటూరు చుట్టూ నల్లరేగడి, వానకు చక్రానికి అంటుకుని దాంతో పాటే ముళ్లను చుట్టుకొస్తుంది.

ఇక పల్లేరు. చేలో చెప్పుల్లేకుండా నడిచినవాళ్లెవరికీ పల్లేరు గురించి చెప్పనక్కరలేదు. ఆయుర్వేదంలో గోక్షురమని దాన్ని మందుకు వాడతారు. ఆ తీగె అమెరికా పడమటి రాష్ట్రాలకు ఎట్లాగో చేరి అక్కడి సైకిళ్లవాళ్లను ఏడిపిస్తోంది. ఇంగ్లీషులో దాని పేరే పంచరు తీగె! దాని బాధ పడలేక 1961లో ఇటలీ నుంచి దాన్ని తినే ముక్కుపురుగులను తెప్పించి పొలాల్లో వదిలారు. మన దగ్గర ఆ వైభోగం లేదు, చీపురే గతి.

ఎండకు ట్యూబులు పేలుతాయనేది మన వూళ్లలో అందరూ అనే మాట. అందులో నిజం కొంతే. పొద్దున 30 డిగ్రీల వేళ 50 పౌండ్ల గాలి పెట్టారనుకోండి. మధ్యాహ్నం ఎండలో నల్ల టైరు లోపలి గాలి 60 డిగ్రీలకు కాగినా ఆ 50 పెరిగి 56, 57 అవుతుంది. మంచి ట్యూబు అంతమాత్రానికి పేలదు. పేలిందంటే ముందే ఏదో వుంది. టైరు అంచు పోగులు తెగి వుంటాయి, ట్యూబు టైరు అంచు కింద ఇరుక్కుని వుంటుంది, సొల్యూషన్ కరిగి ప్యాచి లేచి వుంటుంది. లేదా సాగి సాగి పలచబడిన చిన్న సైజు ట్యూబు. ఎండకు భయపడి గాలి తక్కువ పెట్టి తొక్కేవాళ్లున్నారు. దానివల్ల పాముకాటు చీలికలు ఎక్కువవుతాయి. టైరు పక్కన ఎంత గాలి పెట్టాలో రాసేవుంటుంది, అంత పెట్టండి, సైకిలును నీడలో నిలపండి.

కొత్త ట్యూబు వేసేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని చెప్పి ముగిస్తాను. ముందు టైరు లోపల ముల్లు మిగిలి వుందేమో చూడాలి. వేలితో తడిమితే వేలికి గుచ్చుకుంటుంది. పాత నూలుచీర ముక్కతో చుట్టూ తుడిస్తే ముల్లున్న చోట పోగు పట్టుకుంటుంది. కంప ముల్లు కొన విరిగి టైరులోనే వుండిపోవడం మామూలు. దాన్ని తీయకుండా వేసిన కొత్త ట్యూబు ఇంటికి చేరేలోపే మళ్లీ పంచరవుతుంది. తర్వాత ట్యూబుకు కాస్త పౌడరు రాయండి, ముఖానికి రాసుకునేదైనా సరే, టైరుకు అతుక్కోకుండా వుంటుంది. ట్యూబులో గుండ్రంగా నిలిచేటంత కొద్ది గాలి పెట్టి లోపలికి అమర్చాలి. టైరు అంచును చివర్న స్క్రూడ్రైవరు పెట్టి ఎక్కిస్తారు చూడండి, అక్కడే కొత్త ట్యూబుకు చిల్లి పడుతుంది. చేతి బలంతో ఎక్కించమనండి. ఎక్కాక వాల్వును ఒకసారి లోపలికి నెట్టి లాగితే దాని మొదట్లో ఇరుక్కున్నది సర్దుకుంటుంది. వాల్వు నిటారుగా నిలవాలి. వంగి వుంటే లోపల ట్యూబు మెలిపడిందని. సగం గాలి కొట్టి, చక్రం తిప్పుతూ టైరు అంచు గీత చుట్టూ ఒకే ఎత్తున వుందా అని రెండు వైపులా చూసి, ఆ తర్వాత నిండా కొట్టాలి. ఆ రాత్రికి సైకిలు మీద ఎవరినీ ఎక్కనీయకండి. తెల్లవారి బొటనవేలితో నొక్కి చూస్తే గట్టిగా వుండాలి.

తీసేసిన పాత ట్యూబును షాపులో వదిలిరాకండి. దాన్ని పొడుగునా చీల్చి, వాల్వు భాగం కోసేసి, టైరు లోపల కొత్త ట్యూబు కింద పట్టీ లాగా పరిస్తే పల్లేరు కాయలు అంత తేలిగ్గా దిగవు. పట్టీ అంచులు మడత పడకుండా సాపుగా పరవాలి. మిగిలిన ముక్క సైకిలు వెనక పుస్తకాల సంచి కట్టడానికి సరిపోతుంది. వాల్వూ, దాని నట్టూ, మూతా ఒక చిన్న డబ్బాలో వేసిపెట్టుకోండి. మూత అన్నిటికంటే ముందు పోయేది అదే.